వార్డు అక్క రాసిన వాక్యం

ఉషశ్రీ రోజుకు ఎనిమిది వ్యాసాలు రాయాలి. అవి సొంతంగా తెలిసిన విషయాలేమీ కావు. పొద్దున ఎనిమిదింటికల్లా మేనేజరు జశ్వంత్ వాట్సాప్‌లో ఎనిమిది శీర్షికలు పెడతాడు. సాయంత్రం ఆరులోపు అవి వెబ్‌సైటులోకి ఎక్కాలి. మల్లెచెట్టుకు చీడ పడితే ఏం చేయాలి, ఫ్రిజ్ వాసన పోవాలంటే ఎలా, పిల్లాడు మట్టి తింటుంటే ఏం పెట్టాలి. తెనాలిలో మేడమీద అద్దెకున్న రెండు గదుల్లో, కిటికీ పక్కన కూర్చుని, ఉషశ్రీ ఆ ఎనిమిదీ రాసి పంపేది.

అంతకు ముందు ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరు. స్కూలు మూసేశాక ఏడాదిపాటు ఇంట్లో కూర్చుంది. తర్వాత ఈ పని దొరికింది. కంపెనీ విజయవాడలో ఉంది. పేరు చెబితే ఎవరికీ తెలియదు గానీ, ఫోన్లో తెలుగులో ఏం వెతికినా వాళ్ళ పేజీ మొదటి మూడింట్లో కనబడుతుంది. ప్రతి వ్యాసం కిందా "రచన: ఉషశ్రీ" అని ఉంటుంది. భర్త రవిశంకర్ విత్తనాల కొట్లో పని చేస్తాడు. "మీ ఆవిడ రాసింది చదివామండీ" అని రైతులెవరైనా అంటే ఇంటికొచ్చి సంతోషంగా చెప్పేవాడు. ఆమెకు మాత్రం సిగ్గుగా ఉండేది. అవి ఎలా తయారవుతాయో ఆమెకు తెలుసు. పది సైట్లు తెరిచి, పదింట్లోనూ ఉన్నదాన్నే పదకొండోసారి మార్చి రాయడం. ఆ పదింటినీ రాసినవాళ్ళు కూడా తనలాంటివాళ్ళే అయ్యుంటారు.

ఒకరోజు "కుట్టు మిషను దారం తెగుతోందా? ఐదు చిట్కాలు" అన్న శీర్షిక వచ్చింది. ఉషశ్రీ ఎప్పుడూ మిషను తొక్కలేదు. అన్ని సైట్లలోనూ మంచి దారం వాడండి, మిషనుకు నూనె వేయండి అనే ఉంది. విసుగొచ్చి పేజీలు తిప్పుకుంటూ పోయింది. ఎక్కడో ఏడో పేజీలో "మోషే టైలరు మాట" అని ఒక బ్లాగు తగిలింది. రేపల్లెలో టైలరట. పైన కొట్టు ఫోటో, కింద కొట్టు అడ్రసు. "దారాన్ని తిట్టకండి. సూది తీసి, అది దిగే పలక కన్నంలో గోరు పెట్టి చుట్టూ తిప్పండి. ఎక్కడో ఒకచోట గరుగ్గా తగులుతుంది. పన్నెండేళ్ళు నేనూ దారాన్నే తిట్టాను" అని రాశాడు. తర్వాత ఆ గరుకును ఏ నంబరు ఎమెరీ కాగితంతో ఎంతసేపు రుద్దాలో, ఎక్కువ రుద్దితే ఏమవుతుందో, తను అలా పాడుచేసిన రెండు పలకల సంగతీ రాశాడు.

ఉషశ్రీ ఆ పేజీ మొత్తం చదివింది. పక్కన "నేను చదివేవాళ్ళు" అని పద్నాలుగు పేర్ల జాబితా ఉంది.

ఒకటి నొక్కితే తెరుచుకోలేదు. రెండోదీ అంతే. మూడోది బాలస్వామి అనే రిటైరైన రైల్వే గేట్‌మ్యానుది. గేటు దగ్గర తీగల మీద వాలే పిట్టల గురించి, ఏ పిట్ట ఏ తేదీన వచ్చింది, ఏ రైలు కూతకు లేచిపోతుంది, ఏ కూతకు కదలదు అని తొమ్మిదేళ్ళపాటు రాశాడు. నాలుగోది కారంచేడులో ఒకాయనది. ఊళ్ళో ఏ బావి నీళ్ళతో కందిపప్పు త్వరగా ఉడుకుతుందో వీధి వీధీ తిరిగి ఉడికించి చూశాడు. చీరాల నేతగాడొకడు తను అద్దగా చెడిపోయిన రంగుల గురించి మాత్రమే రాశాడు. సంగం జాగర్లమూడి నుంచి ఒకావిడ, కాలవకు నీళ్ళు ఆపేసినప్పుడు అడుగున ఏమేం బయటపడ్డాయో ఏటా రాసుకుంది. చెప్పులు, కొడవళ్ళు, ఒకసారి గోడ గడియారం. "వార్డు అక్క" అనే పేరుతో బాపట్లలో ఒక నర్సు, రోగులు డాక్టర్ని అడగడానికి సిగ్గుపడి తనను అడిగే ప్రశ్నలకు జవాబులు రాసింది.

ఎవరూ దేన్నీ అమ్మడం లేదు. ఎవరూ చిట్కాలను ఐదుకు కుదించడం లేదు. ఉషశ్రీ తల ఎత్తేసరికి సాయంత్రం నాలుగైంది. రెండు వ్యాసాలే అయ్యాయి. జశ్వంత్ నుంచి ఏడు మెసేజీలు వచ్చి ఉన్నాయి.

మర్నాడు అతనికి ఫోన్ చేసి ఉత్సాహంగా చెప్పింది. "వీళ్ళని మన సైటులో పరిచయం చేద్దాం సార్. వారానికి ఒక్కరు."

"సూపర్ మేడం" అన్నాడు జశ్వంత్. అతనికి ఇరవయ్యారేళ్ళు. "కంటెంట్ రెడీగా ఉంది కదా, మార్చి రాసేయండి. మీకూ పని తగ్గుతుంది."

"వాళ్ళ పేర్లు, లింకులు పెట్టాలి కదండీ."

"బయటి లింకులు ఇవ్వం మేడం. పాఠకుడు అటు వెళ్ళిపోతే మళ్ళీ రాడు."

ఆమె ఫోను పెట్టేసింది. ఆ బ్లాగులన్నింటి కిందా వ్యాఖ్యలు రాసింది. చాలా బాగుందండీ, మీతో మాట్లాడాలి, నా నంబరు ఇదీ అని. ఒక్కరి నుంచీ జవాబు రాలేదు. అందరూ రాయడం ఆపేసి రెండేళ్ళో, మూడేళ్ళో అయింది. రోజూ పొద్దున్నే చూసుకుని ఉసూరుమనేది.

నెల తర్వాత "షుగరు ఉన్నవారి కాలి పుండు: ఇంట్లోనే ఇలా చేయండి" అన్న శీర్షిక వచ్చింది. ఆ రోజు కరెంటు పోయి వచ్చి, మధ్యాహ్నానికి మూడు వ్యాసాలే అయ్యాయి. ఉషశ్రీ వార్డు అక్క బ్లాగు తెరిచింది. పుండు ఎలా కడగాలి, ఏ గుడ్డ కట్టాలి, పసుపు ఎందుకు చల్లకూడదు అన్నీ అందులో ఉన్నాయి. చివరన ఒక వాక్యం విడిగా, పెద్ద అక్షరాల్లో ఉంది. "ఇదంతా డాక్టరు ఒకసారి చూసిన పుండుకే. వేలు నల్లబడ్డా, వాసన వచ్చినా, నొప్పి తెలియకపోయినా ఇంట్లో కడుగుతూ కూర్చోకండి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి."

ఉషశ్రీ ఆ పోస్టును అటూ ఇటూ మార్చింది. ఆ వాక్యాన్ని మాత్రం ముట్టుకోలేదు. చివర "బాపట్ల వార్డు అక్క బ్లాగు నుంచి" అని లింకు కూడా పెట్టింది. తీసేస్తారని తెలుసు. అయినా పెట్టింది. తర్వాతి శీర్షికలోకి వెళ్ళిపోయింది. రాసినవి మళ్ళీ చూసుకునే అలవాటు ఆమెకెప్పుడూ లేదు.

రెండు వారాలయ్యాక ఒక ఆదివారం పొద్దున, బట్టలు ఆరేయడానికి కిందికి దిగితే ఇంటి ఓనరు ప్రమీలారాణి వసారాలో భర్త పాదం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన గిన్నెలో ఉప్పునీళ్ళు, తెల్లటి గుడ్డ.

"రా అమ్మా ఉషా" అంది. "నువ్వు రాసినట్టే చేస్తున్నాం. పసుపు మానేశాను. పదిరోజులనుంచీ పొద్దునా సాయంత్రం కడుగుతున్నా. మీ బాబాయిగారికి ఇప్పుడు నొప్పి కూడా లేదు."

ఉషశ్రీ వంగి చూసింది. చిటికెన వేలు కొస నల్లగా ఉంది.

"పిన్నిగారూ, ఇది ఎప్పటినుంచి ఇలా ఉంది?"

"నాలుగైదు రోజులవుతుందేమో. మానుతూ నల్లబడిందనుకున్నాం."

"నల్లబడితే ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళమని రాశాను కదండీ!"

ప్రమీలారాణి ముఖం ఎత్తి చూసింది. "ఎక్కడ రాశావమ్మా? నేను రెండుసార్లు చదివాను." ఫోను తీసి చూపించింది.

ఆ వాక్యం లేదు. వార్డు అక్క పేరూ లేదు. "ఇంట్లోనే సులభంగా నయం చేసుకోవచ్చు" అన్న కొత్త ముగింపు ఉంది. దాని కింద "రచన: ఉషశ్రీ".

రవిశంకర్ పరుగున వెళ్ళి ఆటో తెచ్చాడు. ప్రమీలారాణి భర్త వెంకట్రామయ్యను ఆస్పత్రిలో చేర్చారు. రెండు రోజుల తర్వాత చిటికెన వేలు తీసేశారు. వారం ముందు తెస్తే వేలు ఉండేదన్నాడు డాక్టరు. ఉషశ్రీ ఆస్పత్రి వరండాలోనే ప్రమీలారాణికి జరిగిందంతా చెప్పింది. ఎక్కడినుంచి తీసుకుందో, ఎవరు కత్తిరించారో, అన్నీ.

ప్రమీలారాణి తిట్టలేదు. "వాళ్ళెవరో నాకేం తెలుసమ్మా? నీ పేరు చూసే నమ్మాను" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే ఉషశ్రీ జశ్వంత్‌కి ఫోన్ చేసింది.

"ఆ వాక్యం ఎవరు తీశారు?"

"ఎడిటింగులో తీశాం మేడం. చివర్లో భయపెడితే జనం షేర్ చేయరు. అది మన టాప్ ఆర్టికల్ ఇప్పుడు, నలభై వేల మంది చూశారు."

"అది చదివి మా ఇంటి ఓనరుగారి కాలి వేలు పోయిందండీ!"

"సారీ మేడం. కానీ అది మన ఆర్టికల్ వల్లే అని చెప్పలేం కదా. కింద చిన్నగా గమనిక ఉంది, వైద్యుడిని సంప్రదించండి అని" అన్నాడు.

"ఆ వ్యాసం తీసేయండి."

"అది నా చేతిలో లేదు మేడం."

ఉషశ్రీ ఫోను పెట్టేసి, తన లాగిన్‌తో లోపలికి వెళ్ళి, తీసేసిన వాక్యాన్ని వ్యాసం మొదట్లోనే పెట్టింది. గంట తర్వాత చూస్తే లేదు. మళ్ళీ పెట్టింది. మూడోసారి పెట్టబోతే లాగిన్ పనిచేయలేదు. వాట్సాప్ గ్రూపులోంచి ఆమెను తీసేశారు. కనీసం ఆ పేజీ మీద నుంచి తన పేరైనా తీయమని మెయిల్ పెట్టింది. జవాబు లేదు.

సెర్చ్ కంపెనీకి ఫిర్యాదు చేసే ఫారం ఒకటి వెతికి పట్టుకుంది. దాని మొదటి ప్రశ్నే "ఈ రచన మీదేనా?" కాదు అని నొక్కితే ముందుకు కదలదు. అసలు రాసిన మనిషే ఫిర్యాదు చేయాలి. అసలు రాసిన మనిషి పేరు వార్డు అక్క. ఫోన్ నంబరు లేదు, మెయిల్ లేదు. పెట్టిన వ్యాఖ్యకు నెల దాటినా జవాబు లేదు.

జాబితా మొత్తంలో అడ్రసు ఉన్నది ఒక్క మోషేకే. మర్నాడు ఉషశ్రీ రేపల్లె రైలెక్కింది.

మోషే కొట్టులో మూడు మిషన్లున్నాయి. ఆయనకు అరవై దాటి ఉంటాయి. కళ్ళజోడు నుదుటిమీదకి తోసుకుని, స్కూలు చొక్కాకు కాలరు కుడుతున్నాడు. ఉషశ్రీ వచ్చిన పని చెబితే మిషను ఆపాడు.

"వ్యాఖ్య పెట్టావా? నేను చూడలేదమ్మా. నా బ్లాగులోకి నేనే వెళ్ళలేను. పాస్‌వర్డు మర్చిపోయాను. కొత్తది కావాలంటే ఓటీపీ పాత నంబరుకి పోతుంది. ఆ నంబరు ఇప్పుడు గుంటూరులో ఎవరిదో. ఫోన్ చేస్తే మొదటిసారి మర్యాదగా చెప్పాడు. అప్పటికి ఓటీపీ టైము అయిపోయింది. రెండోసారి చేస్తే తిట్టాడు."

"మీ జాబితాలో మిగతావాళ్ళండీ?"

"బాలస్వామి గారు పోయారు. నేత ఆయన బ్లాగు పెట్టిన కంపెనీయే మూసేశారు, సగం పోయింది. మేం ఒకరి మొహం ఒకరం చూసింది లేదమ్మా. ఆయన పిట్టల గురించి రాస్తే నేను కింద రెండు ముక్కలు రాసేవాణ్ణి. నేను బాబిన్ గురించి రాస్తే ఆయన రాసేవాడు. అందరూ ఫోన్లలో వీడియోలకు పోయాక, మేం ఎవరికి రాస్తున్నామో మాకే తెలీకుండా పోయింది."

"వార్డు అక్క?"

ఆయన లేచి, గోడకున్న మేకు నుంచి పాత నోటుపుస్తకం ఒకటి తీశాడు. "వాళ్ళమ్మ మిషనుకు బాబిన్ కేసు దొరక్కపోతే కొరియరులో పంపాను. అడ్రసు ఉండాలి." చాలా పేజీలు తిప్పాడు. ఉంది. సునీల, బాపట్ల. "ఆవిడకి కోపమెక్కువమ్మా" అన్నాడు చీటీ రాసిస్తూ. "కానీ వెళ్ళు."

చెరుకుపల్లి, పిట్టలవానిపాలెం మీదుగా బస్సు బాపట్ల చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉంది. తలుపు తీసిన మనిషిని చూడగానే అదంతా మర్చిపోయింది. సునీలకు యాభై పైన. డ్యూటీ దిగి అప్పుడే వచ్చినట్టుంది, యూనిఫాం ఇంకా మార్చలేదు. గుమ్మంలోనే నిలబెట్టి మొత్తం విన్నది. ఫోన్లో వ్యాసం చదివింది. చివరిదాకా చదివి మళ్ళీ పైకి వెళ్ళి చదివింది.

"నా మాటలే ఇవి" అంది. "ఆ వాక్యం ఎందుకు తీశావ్?"

"నేను తీయలేదండి."

"కింద పేరెవరిది?"

"నాదే."

"మరి నాతో ఏంటి ఈ కబుర్లు?" సునీల గొంతు లేచింది. "ఆ వాక్యం నేను మొదట రాయలేదు, తెలుసా నీకు? మొదట రాసినప్పుడు నువ్వు చేసినట్టే, కడగడం, కట్టడం రాసి ఊరుకున్నాను. పిట్టలవానిపాలెం నుంచి ఒకాయన వచ్చాడు. నా బ్లాగు చదివి నెలరోజులు ఇంట్లోనే కడిగాడంట. మోకాలు కింద తీసేశారు. ఆయన్ని థియేటర్లోకి తీసుకెళ్ళింది నేనే. ఇంటికొచ్చి ఆ వాక్యం చేర్చాను. ఇంకా ఎవరైనా అలా చేస్తారేమోనని భయమేసి తర్వాత రాయడమే మానేశాను. మీరు దాన్ని షేర్లు రావని తీసేశారా?"

ఉషశ్రీకి ఏడుపొచ్చింది కానీ, ఇక్కడ ఏడిస్తే ఇంకా అసహ్యంగా ఉంటుందనిపించి ఆపుకుంది.

"నన్ను ఏమన్నా అనండి" అంది చివరికి. "ఆ పేజీ పోవాలంటే మీరే ఫారం నింపాలి. నాకు ఇంకో దారి తెలీదు."

సునీల తలుపు పూర్తిగా తీసింది. "లోపలికి రా. పెద్దాయన ఎలా ఉన్నాడు? రోజూ కట్టు ఎవరు మారుస్తున్నారు?"

ఫారం నింపడానికి ఆ రోజు గంటన్నర పట్టింది. మూడు రోజులకు జవాబు వచ్చింది. బ్లాగులో పేరు వార్డు అక్క, ఫారంలో పేరు సునీల, ఈ ఇద్దరూ ఒకరే అనడానికి రుజువేంటని. సునీలకు అదృష్టం కొద్దీ పాస్‌వర్డు గుర్తుంది. బ్లాగులో తన పేరు చేర్చి మళ్ళీ పంపింది. పేరు ఇప్పుడే చేర్చారు కాబట్టి చెల్లదని వచ్చింది. ఆధార్ పంపితే, ఫోటో మసగ్గా ఉందని వచ్చింది. ప్రతిసారీ ఉషశ్రీ తెనాలి నుంచి బాపట్ల వెళ్ళేది, ఆ జవాబులోని ఇంగ్లీషు ఇద్దరూ కూర్చుని విడదీసేవాళ్ళు. మధ్యలో సునీల విసిగిపోయి, "నేను రాసింది నాదేనని వీళ్ళకి చెప్పుకోడమేంటి, నాకు రోగులున్నారు" అని లేచిపోయేది. ఉషశ్రీ ఒక్కతే కూర్చుని నింపేది.

ఇరవై మూడో రోజున ఆ పేజీ సెర్చ్‌లోంచి పోయింది. ఉషశ్రీ ఫోను పట్టుకుని కిందికి పరిగెత్తి ప్రమీలారాణికి చూపించింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "మరి ఇదేంటమ్మా?" అంది. పేజీ పోయిన చోట అదే వ్యాసం, అవే మాటలు, వేరే సైటు పేరుతో ఉంది. దాని కింద ఇంకోటి. ఎవరో ఎత్తుకున్నదాన్ని ఇంకెవరో ఎత్తుకున్నారు. అలా నాలుగున్నాయి. ఒక దాంట్లో పసుపు చల్లమని కూడా కలిపారు.

సునీల మూడేళ్ళ తర్వాత కొత్త పోస్టు రాసింది. ఆ హెచ్చరికనే మొదట పెట్టి, వెంకట్రామయ్య పేరు చెప్పకుండా ఆయనకు జరిగింది రాసింది. అది ఏ పేజీలోనూ కనబడలేదు. ఉషశ్రీ పదో పేజీ దాకా వెతికింది. చివరికి రవిశంకర్ దాన్ని రెండొందల కాపీలు జిరాక్స్ తీయించి విత్తనాల కొట్లో కౌంటరు మీద పెట్టాడు. రైతులు పొట్లం కట్టుకోవడానికి తీసుకెళ్ళారో చదవడానికి తీసుకెళ్ళారో తెలీదు గానీ, వారంలో అయిపోయాయి.

ఆ తర్వాతి ఆదివారం బాపట్లలో సునీల ఇంట్లో ఇద్దరూ ఆ నాలుగు సైట్ల ముందు కూర్చున్నారు. మొదటి దానికి ఫిర్యాదు మెయిలే లేదు. వెతగ్గా వెతగ్గా ఒక ఫోన్ నంబరు దొరికింది. ఉషశ్రీ చేసింది. ఎవరో ఎత్తాడు. ఆమె చెప్పిందంతా ఓపిగ్గానే విన్నాడు.

"నాకు తెలుగు చదవడం రాదు మేడం" అన్నాడు. "వేల ఆర్టికల్స్ ఒకేసారి కొంటాం. ఏది ఎక్కడిదో మాకెలా తెలుస్తుంది? లింకు పంపండి, తీసేయిస్తాను."

"ఇవాళే తీస్తారా?"

"చూస్తాను. మీరు బాగా మాట్లాడుతున్నారు. తెలుగు రాయడం వచ్చా? మాకు మనుషులు కావాలి. రోజుకి పది ఇస్తే చాలు."

ఉషశ్రీ ఫోను కట్ చేసింది.

"ఏమన్నాడు?" అంది సునీల.

"లింకు పంపితే తీసేయిస్తాడంట. నాకు పని కూడా ఇస్తాడంట. రోజుకి పది."

సునీల గట్టిగా ఒక తిట్టు తిట్టింది. అది ఎవర్నో ఉషశ్రీకి అర్థం కాలేదు. తర్వాత లేచి ఫ్యాను స్పీడు పెంచి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"వాడికి లింకు పంపు. పంపి రెండోది తెరువు" అంది.